స్వాగత నృత్యానికి తండా పిల్లలు

ఈ ఏడాది యువజన మహాసభలకు మా సంఘం వాళ్ళు ప్రత్యేక సంచిక వేస్తున్నారట. పాతవాళ్ళందరూ సభల గురించి ఒక మధుర జ్ఞాపకం రాసి పంపాలట. నాకూ ఫోన్ చేశారు. గూడూరు పక్క తండాలో పుట్టి టీచరైన పిల్లను కదా, నా ఫొటో ఒకటి పడితే సంచికకు నిండుగా ఉంటుందని కాబోలు. మధురం సంగతి నాకు తెలియదు. నాకు గుర్తున్నది ఇది. అచ్చు వేస్తారో చించి పారేస్తారో వాళ్ళ ఇష్టం.

మా నాయన తల్లిని మేము దాది అంటాం. మా ఇంట్లో మందిరానికి, అంటే చర్చికి, మొదట వెళ్ళింది ఆమే. నాకు ఏడేళ్ళప్పుడు ఆమె జ్వరంతో మంచం పడితే మా పాస్టరు, అంటే మేము అయ్యగారు అని పిలిచే ఆయన, తన బండి మీద మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయి దగ్గరుండి చూసుకున్నాడు. ఆ మేలు దాది మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. లేచి తిరగగానే బాప్తిస్మం తీసుకుంటానంది. అప్పుడు అయ్యగారు, ఒంటి మీద ఉన్న పాత జీవితమంతా వదిలెయ్యాలన్నాడు. పాత జీవితం అంటే ఆమె అద్దాల రవిక, కుచ్చుల లంగా, చెవుల పక్కన వేలాడే వెండి, మోచేతి నుంచి భుజందాకా ఉండే తెల్లగాజులు. పెళ్ళినాడు ఎక్కించుకున్న గాజులవి, చెయ్యి లావెక్కి బిగుసుకుపోయాయి, సబ్బు రాసినా దిగలేదు. చివరికి ఇనుము కోసే బ్లేడుతో ఒక్కొక్కటే కోశారు. నేను పక్కనే కూర్చొని చూశాను. చర్మం గీసుకుపోయి రెండుచోట్ల రక్తం వచ్చింది. దాది రెండో చెయ్యి చాపింది.

ఆ రోజు నుంచి ఆమెకు తెల్లచీరే. తీజ్ పండుగ వస్తే తండా అంతా ఆడి పాడుతుంటే మందిరానికి వెళ్ళే మా ఏడిళ్ళ వాళ్ళం తలుపులు వేసుకొని లోపల కూర్చునేవాళ్ళం. ఆట కూడా పాత జీవితమేనట. అట్లా నేను మా ఆట రాకుండానే పెరిగాను. మా ఏడిళ్ళ ఆడపిల్లల్లో ఒక్కరికీ రాదు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మహాసభలు జనగామలో ఒక బడిలో పెట్టారు. మూడు రోజుల సభలు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఇప్పటి మూడు జిల్లాల పిల్లలూ వస్తారు. పాటల పోటీ, క్విజ్, కంఠత పోటీ ఉంటాయి. కంఠత అంటే బైబిలు వాక్యాన్ని పుస్తకం చూడకుండా తప్పు లేకుండా అప్పజెప్పడం. నేను అన్నిటికంటే పొడవైన కీర్తన ఎంచుకున్నాను. మా తండా నుంచి అంతకుముందు ఎవరూ ఆ పోటీకి పేరివ్వలేదు. తండా పిల్లలకు నోరు తిరగదని సండే స్కూల్లో ఒక అమ్మగారు నా ముందే అనేది. ఇంట్లో మేము మాట్లాడేది మా భాష, తెలుగు మేము బడికి పోయి నేర్చుకున్నది. ఆమె మాట తప్పని నేను అందరి ముందూ నిలబడి చూపించాలనుకున్నాను. పదిహేనేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద పని ఇంకేముంటుంది?

నాలుగు నెలలు నేర్చుకున్నాను. కళ్ళంలో మిర్చి ఏరుకుంటూ నేను చెబుతుంటే దాది వినేది. ఆమెకు అక్షరం రాదు, అయినా నేను ఎక్కడైనా ఒక వచనం దాటేస్తే ఏరుతున్న చెయ్యి ఆపి నా మొహంలోకి చూసేది. పోటీ రెండో రోజని తెలిసి, ఆ రోజుకు తానొక్కతే రైలెక్కి జనగామ వస్తానంది. అంతదూరం ఆమె ఒంటరిగా ఎప్పుడూ పోలేదు.

మేము తండా ఆడపిల్లలం ఆరుగురం మొదటిరోజే చేరుకున్నాం. ఆ సాయంత్రం యువజన కార్యదర్శి అన్న మా గదికి వచ్చాడు, వెనక మా అయ్యగారు. మర్నాడు పదకొండింటికి హైదరాబాద్ నుంచి పెద్ద అతిథులు వస్తున్నారని, మేము ఆరుగురం లంబాడీ వేషంలో వాళ్ళకు ఎదురెళ్ళి ఆడాలని చెప్పాడు. వేషాలు హన్మకొండ నుంచి కిరాయికి తెప్పించాడట. సంచి విప్పి చూపించాడు. బడి వార్షికోత్సవాలకు ఇచ్చే బట్టలు. ఎవరి చెమటో కంపు కొడుతున్నాయి. అద్దాల బదులు తళుకు కాగితాలు కుట్టారు, చేతులకేమో తెల్ల ప్లాస్టిక్ గాజులు.

నాకు ఒళ్ళు మండింది. అయినా మర్యాదగానే అడిగాను.

"అయ్యగారు, గివి ఏసుకోవద్దని మా దాది గాజులు కోపిచ్చిన్రు గదా మీరు?"

ఆయన నా వైపు చూడకుండా కార్యదర్శి వైపు చూశాడు.

"గది వేరు బిడ్డా. గిది ప్రోగ్రాం" అన్నాడు.

పదకొండేళ్ళ కింద నేను విన్న మాట అది. అప్పటి నుంచి ఇప్పటిదాకా దానికి అర్థం వెతుకుతూనే ఉన్నాను. ఒక ముసలిది తన కోసం తొడుక్కుంటే పాపమైంది, అతిథుల కోసం మనవరాలు తొడుక్కుంటే ప్రోగ్రాం అయింది. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో తడబాటు కూడా లేదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే.

మాకు ఆట రాదన్నాం. కార్యదర్శి అన్న పెద్దగా నవ్వి, లంబాడోళ్ళకు ఆట రాకపోవుడేందని మమ్మల్నే ఎగతాళి చేశాడు. భూపాలపల్లి గనుల క్వార్టర్ల నుంచి వచ్చిన ఒక అక్క, మా కులం కాదు, మా భాష ఒక్క ముక్క రాదు, పొద్దున్నే ఫోన్‌లో వీడియో పెట్టి మా ఆట మాకు నేర్పింది. నడుం ఎక్కడ వంచాలో, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ఆమె చూపిస్తుంటే మేము ఆరుగురం గంగిరెద్దుల్లా తలలూపాం. పోటీ మధ్యాహ్నం రెండింటికి, ఆట పదకొండింటికి, రెండూ చేసుకోవచ్చు గదా అని అన్న నన్ను ఒప్పించాడు. నేనూ ఒప్పుకున్నాను. ఆ ఒప్పుకోవడం మీద నాకు ఇవాళ్టికీ నా మీదే కోపం.

పదిన్నరకు మమ్మల్ని వేషాలతో గేటు దగ్గర ఎండలో నిలబెట్టారు. పదకొండయింది. పన్నెండయింది. అతిథులు లింగాల ఘనపూర్‌లో ఏదో కొత్త మందిరం ప్రారంభించి, అక్కడే భోజనం చేసి వస్తున్నారని కబురు. మాకు తలా ఒక మజ్జిగ ప్యాకెట్ ఇచ్చారు. బువ్వకు వెళ్తామంటే వేషం కరాబైతదని వెళ్ళనివ్వలేదు. అటూ ఇటూ పోయే టౌను పిల్లలు ఫోన్లు తీసి మాతో సెల్ఫీలు దిగారు. వాళ్ళూ మా ఈడు పిల్లలే, అవే సభలకు వచ్చినవాళ్ళే. మెడలో వాళ్ళకు డెలిగేట్ కార్డులున్నాయి. మావి వేషం మీద బాగుండవని తీయించారు.

రెండింటికి నేను కార్యదర్శి దగ్గరకెళ్ళి, నా పోటీ మొదలైతది, పోతానన్నాను. ఒక్క పది నిమిషాలన్నాడు. ఇంకో పది నిమిషాలకు మళ్ళీ అడిగాను. ఒక్కతి తగ్గితే జోడీ చెడిపోతదన్నాడు. మూడు కావస్తుంటే కార్లు వచ్చాయి. మైకులో పాట పెట్టారు. మా ఆడవాళ్ళు చేలల్లో పాడుకునే పాటే అది. ఆడాం. ఎట్లా ఆడామో నాకు తెలియదు, నా కళ్ళు బడి వరండా వైపే ఉన్నాయి, పోటీ అక్కడి గదిలో జరుగుతోంది. అతిథుల్లో ఒకాయన మా మధ్యకు వచ్చి రెండు చిందులు కూడా వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా అయ్యగారు కూడా కొట్టాడు.

పాట ఆగీ ఆగకముందే పరుగెత్తాను. పోటీ గది గుమ్మంలో న్యాయనిర్ణేతగా వచ్చిన వేరే అమ్మగారు అడ్డంగా చెయ్యి పెట్టింది. గదిలో ముందు వరసలో నేలమీద దాది కూర్చొని ఉంది. వీపు నాకు, మొహం అప్పజెప్పే పిల్లకు. నెత్తిన తెల్లకొంగు, పక్కన టిఫిన్ గిన్నె సంచి.

"నిన్ను రెండుసార్లు పిలిచినం. గిట్లనా వచ్చేది? గీ వేషం మీద వాక్యం చెప్తవా? పోయి మార్చుకొని రా, ఆఖరుకు ఇంకోసారి పిలుస్త" అందామె గొంతు తగ్గించి.

ఆ వేషం నేనడిగి వేసుకున్నానా? ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దాది వెనక్కి తిరిగి చూస్తుందేమోనన్న భయంతో మింగేశాను. మా గది మైదానానికి అవతల ఉంది. రవిక వెనక తాళ్ళు చెమటకు నాని ముడులు పడ్డాయి, ఊడవు. ఏడుస్తూ పళ్ళతో ఒకటి కొరికాను, కడమవి తెంపేశాను. చుడీదార్ వేసుకొని తిరిగి వచ్చేసరికి గదిలో బెంచీలు సర్దుతున్నారు. అమ్మగారు కాగితాలు తీసుకొని వెళ్ళిపోయింది. దాది ఒక్కతే అదే చోట కూర్చొని ఉంది.

"మూడుసార్లు పిలిచిన్రు నిన్ను. యాడ సచ్చినవే?" అని మా భాషలో అడిగింది.

ఆమెకు ఏం చెప్పను? నీ ఒంటి మీద నుంచి కోసి పారేసినవాటిని నా ఒంటికి తొడిగారనా? అయ్యగారు దగ్గరుండి తొడిగించాడనా? ఆమె తిండి మానేసి పడుకుంటుందని నాకు తెలుసు. అబద్ధమాడటం పాపమని ఆ మూడు రోజులూ మైకులో ఊదరగొట్టిన పెద్దమనుషులే నా చేత ఆ అబద్ధం ఆడించారు. అన్నం తిని పడుకున్నాను, నిద్ర పట్టేసింది అన్నాను. ఆట సంగతి ఆమె చెవిన వెయ్యొద్దని తోటి అయిదుగురి చేతా తర్వాత ఒట్టు వేయించుకున్నాను.

దాది తిట్టలేదు. తిడితే బాగుండేది. సంచిలోంచి రొట్టెలు తీసి నా చేతిలో పెట్టింది. ఇద్దరం తిరిగి వచ్చేటప్పుడు రైలు స్టేషన్ ఘన్‌పూర్ దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా అడిగింది.

"నేను ఆడ కూసున్నప్పుడు మైకుల మన పాట ఒచ్చింది. ఎన్నేండ్లాయెనో ఇనక. లేచి పోయి సూద్దామనుకున్న. నడిమిట్ల నీ పేరు పిలుస్తరేమోనని లేవలే. ఎవరు ఆడిన్రే? మంచిగ ఆడిన్రా?"

"నేను సూడలే దాదీ. పండుకున్న గదా" అన్నాను.

ఆమె మళ్ళీ అడగలేదు. నాలుగేళ్ళ కింద పోయింది. పోయేదాకా నన్ను పోటీనాడు నిద్రపోయిన పిల్లగానే తండాలో చెప్పుకుంది.