మగ్గం గుంతలో నేర్చిన ఆట

ధర్మవరంలో చీర కొనడానికి వెళ్లినప్పుడల్లా, నేతగాళ్ల సందు తిరగగానే మగ్గం చప్పుడు వినబడుతుంది. నా పాదాలు వాటంతట అవే కదులుతాయి. పక్కనున్నవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. నాకు ఫుట్‌బాల్ నేర్పిన నారాయణ సార్ ఆ సందులోనే పుట్టారు. నేతగాడి కొడుకు, ఢిల్లీలో జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యలో పెద్ద పదవి దాకా వెళ్లారు. పోయిన వానాకాలంలో కన్నుమూశారు.

హిందూపురం బడిలో ఆయన మాకు ఆటల మాస్టారు. బంతి దొరికితే చాలు, నేను తల దించుకుని దాన్నే చూస్తూ పరిగెత్తేదాన్ని. ఎదురుగా ఎవరొస్తున్నదీ పట్టేది కాదు. అరిచి అరిచి విసిగిపోయిన సార్, ఒక ఆదివారం మా నాయననూ నన్నూ రైలెక్కించి ధర్మవరం తీసుకొచ్చి, వాళ్ల నాయన మగ్గం గుంతలో నన్ను కూర్చోబెట్టారు. కాళ్ల కింద తొక్కాల్సిన చెక్కలు, కళ్ల ముందు పట్టుపోగులు. నేను కిందికి చూసినప్పుడల్లా నేత తప్పేది.

"ఏమబ్బా, నా చీర చెడగొట్టేదానికి తెచ్చినావా ఈ పాపను?" అన్నాడు ముసలాయన.

"ఉండు నాయనా, ఆ పాప కాళ్లకు కండ్లు రావల్ల," అన్నారు సార్. సాయంత్రానికి కాస్త వచ్చాయి.

తర్వాత ఆయన ఢిల్లీ వెళ్లారు. నేను రాష్ట్రం తరఫున ఆడాను. దేశం జెర్సీ ఒక్కసారి వేసుకోవాలి, అంతకుమించి నాకు వేరే ఆశ లేదు. ఎంపికలో నా పేరు చర్చకు వచ్చిందని తెలిసి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. జాబితాలో నేను లేను.

ఏం జరిగిందో చాలా ఏళ్లకు, పదవి దిగాక, పెనుకొండలో మా ఇంటికి వచ్చి సారే చెప్పారు.

"ఎంపిక కమిటీలో నీ పేరు ఎత్తంగానే లేచి బయటికి వచ్చేస్తిని అమ్మీ. నా కాడ ఆట నేర్చిన పాప కదా, నేను మాట్లాడితే బాగుండదనుకొంటి. ఆడ ఉండేవాళ్లల్లో నీ ఆట చూసినోణ్ని నేనొక్కణ్నే."

"మీరు చేసింది న్యాయమే కదా సార్."

"న్యాయమేలే. కిందికి చూడొద్దని నీకు చెప్పినోణ్ని, ఆ పొద్దు తలుపు బయట నా కాళ్లే చూసుకుంటా నిలబడితి." మజ్జిగ గ్లాసు ముట్టకుండానే వెళ్లిపోయారు.

నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది, ఇంకా ఉంది. మచ్చలేని మనిషని ఆయన్ని అందరూ మెచ్చుకుంటుంటే, ఆ కోపం ఎవరితో చెప్పుకోను?

ఇప్పుడు పెనుకొండలో నేనూ ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నాను. మొన్న జట్టు ఎంపిక కమిటీలో నేనూ ఉండగా, నా దగ్గర నేర్చుకుంటున్న తనకల్లు ఊరి పాప పేరు చదివారు.

"మీ పిల్లే కదా మేడమ్, కొంచేపు బయట కూర్చుంటారా?" అన్నాడు పక్కాయన.

"మా పిల్లే. దాని ఆట ఎట్లుంటుందో చెప్పేసి పోతా," అన్నాను.

చెప్పాను. ఓటు వాళ్లకే వదిలేసి బయటికి వచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఆ నాలుగు మాటలు చెప్పి ఆ రోజు సార్ కూడా బయటికి రావచ్చు కదా.