అమ్మ ప్రార్థనలో తోంబా

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పి బతికినదాన్ని. కళ్లతో చూడనిదాన్ని నమ్మమంటే నాకు ఒళ్లు మంట. అయినా 1971లో భవానీపురంలో మా ఇంట్లో జరిగినదాన్ని మాత్రం కొట్టిపారేయలేకపోతున్నాను.

మా అన్నయ్య డేవిడ్ చేతిలో ఉన్న ఇంజనీరు ఉద్యోగం వదులుకుని, తనంతట తానే సైన్యంలో చేరాడు. షార్ట్ సర్వీస్ కమిషన్ మీద లెఫ్టినెంట్ అయ్యాడు. తూర్పు పాకిస్తాన్‌లో అంతర్యుద్ధం రగిలి, జనం త్రిపురలోకి పారిపోయి వస్తున్న రోజుల్లో అతన్ని అక్కడి సరిహద్దుకు పంపారు.

ఆ వర్షాకాలంలో అన్నయ్య నుంచి లావుపాటి కవరొకటి వచ్చింది. అతని మీద పెట్టిన అభియోగపత్రం, సాక్ష్యాల నకళ్లు. ఎవరైనా మంచి వకీలుకు చూపించమని రాశాడు. ఉత్తర్వు లేకుండా కాపలా చోటు వదిలి వెళ్లాడని నేరం మోపారు. శరణార్థుల గుడారాల మీద ఫిరంగి గుండ్లు పడుతుంటే, వాళ్లను కాపాడ్డానికి వెళ్లనా అని వైర్‌లెస్‌లో మేజర్‌ను అడిగానని, ఆయన వెళ్లమంటేనే వెళ్లానని అన్నయ్య అంటాడు. ఆ మేజర్ ఆ సాయంత్రమే గుండు తగిలి చనిపోయాడు. ఆయన పక్కనున్న వైర్‌లెస్ ఆపరేటర్ తలకు దెబ్బ తగిలి, ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. అతను లేచి నోరు విప్పకపోతే అన్నయ్యకు జైలు తప్పదని వకీలుగారు తేల్చేశారు.

ఆ కాగితాలు అమ్మకు తెలుగులో చదివి చెప్పింది నేనే. ఆపరేటర్ పేరు వాటిలో ఎక్కడా లేదు.

మా ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన. అమ్మ ఇంటిల్లిపాదినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేది. ఆ వారంలో ఒకరోజు అన్నయ్య పేరు తర్వాత, "తోంబాని లేపు తండ్రీ" అంది. నేను కళ్లు తెరిచేశాను.

ప్రార్థన అయ్యాక నాన్నగారు నవ్వారు. "తోంబా ఎవరే? బైబిల్లో కూడా లేడే!"

"ఏమోనండీ, నోటికొచ్చేసింది. ఏ తల్లి కన్నబిడ్డో."

మర్నాడూ అదే పేరు. ఆ తర్వాత రోజూ అంతే. నేను వెక్కిరిస్తూనే ఉన్నాను, అమ్మ పట్టించుకోలేదు. బడికి టైమైపోతున్న పిల్లాణ్ణి లేపినట్టు, "తోంబా, లే నాన్నా, లే" అని బతిమాలేది.

కొన్నాళ్లకు ఇంకో కవరు వచ్చింది. ఆపరేటర్‌కు తెలివొచ్చింది. మేజర్ అనుమతివ్వడం తాను విన్నానని చెప్పాడు. అన్నయ్య మీద అభియోగం ఎత్తేశారు. సంతోషంతో ఆ వాంగ్మూలం నకలు చదువుతూ చదువుతూ కింద సంతకం దగ్గర ఆగిపోయాను. తోంబా సింగ్, మణిపూర్ వాడు.

అన్నయ్య పాత ఉత్తరాలన్నీ తిరగేశాను. ఒక్కదాంట్లోనూ ఆ పేరు లేదు. అసలు అతను మేజర్ దగ్గరుండే మనిషి కావడంతో, వాంగ్మూలం ఇచ్చేదాకా అన్నయ్యకే పేరు తెలియదట.

యుద్ధం ముగిశాక అన్నయ్య సెలవు మీద వస్తూ తోంబాను వెంటబెట్టుకొచ్చాడు. ప్రార్థన సంగతి ఎదురుగా చెప్పాలని మేము ఉత్తరాల్లో రాయలేదు. అమ్మ గుమ్మంలోకి పరుగెత్తి, "రా నాన్నా, లోపలికి రా" అంది. అతను బూట్లు విప్పుతున్నవాడల్లా ఆగి, వచ్చీరాని హిందీలో అన్నయ్యతో ఏదో అన్నాడు.

అన్నయ్య అమ్మ వైపు తిరిగాడు. "ఆస్పత్రిలో ఎవరో ఆవిడ రోజూ పిలిచేదటమ్మా. ఆ గొంతు ఇదేనంటున్నాడు."

"రోజూ నేనన్నది అతనికి అర్థమైందేమో అడగరా," అంది అమ్మ.

అడిగాడు. తోంబా తల అడ్డంగా ఊపి, నెమ్మదిగా జవాబు చెప్పాడు. "మాటలు తెలియలేదట. లేవకపోతే ఆవిడ ఏడుస్తుందనిపించిందట."

ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మధ్యాహ్నం తోంబాకు వడ్డించింది నేనే. మా అన్నయ్యను మాకు దక్కించినవాడికి ఏ భాషలో ఏం చెప్పాలో తోచక, అతను చెయ్యి అడ్డం పెడుతున్నా వినకుండా అన్నంలో నెయ్యి వేస్తూనే ఉన్నాను.