చిన్నబోయిన పేర్లు

కవితది పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లె. అమ్మానాన్నలు పత్తి చేలల్లో కూలికి పోయి ఆమెను ఆదోనిలో డిగ్రీ చదివించారు. ఇప్పుడు ఎమ్మిగనూరులో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ పని చేస్తోంది.

ఈ ఏడు వాళ్ల ఊరి చర్చికి యాభై ఏళ్లు నిండాయి. చర్చి కట్టిన పెద్దల జీవితాలతో ఒక పుస్తకం వేయాలనుకున్నారు. మద్రాసు నుంచి వచ్చే అతిథులకు తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషులో రాయించారు. రాసిన రిటైర్డు టీచరు మొత్తం పెద్ద అక్షరాల్లోనే, అంటే క్యాపిటల్స్‌లోనే, టైపు చేసి ఇచ్చాడు. అచ్చు పని సంఘపెద్ద నరసన్న కవితకు అప్పగించాడు.

అన్నీ పెద్ద అక్షరాలైతే చదవడం కష్టం. మళ్లీ టైపు చేసే వ్యవధి లేదు. కవిత నాలుగు వరుసల ప్రోగ్రాం రాసింది. ముందు అన్ని అక్షరాలనూ చిన్నవి చేయాలి, తర్వాత చుక్క పడిన చోటల్లా మరుసటి అక్షరాన్ని పెద్దది చేయాలి. రెప్పపాటులో పుస్తకమంతా మారిపోయింది. మొదటి పేజీ చదువుకుంది. అక్కడ పేర్లన్నీ వాక్యాల మొదట్లోనే ఉండటంతో తప్పేమీ కనపడలేదు. అచ్చుకు పంపేసింది.

యాభై ఏళ్ల పండుగనాడు పుస్తకాలు పంచారు. అతిథుల్లో ఒకావిడ పేజీలు తిప్పి, దేవుని పేరు ఇలా వేశారేమని పాస్టరును మెల్లగా అడిగింది. వాక్యం నడుమ వచ్చిన ప్రతిచోటా దేవుని పేరూ, మనుషుల పేర్లూ చిన్న అక్షరంతోనే మొదలయ్యాయి. పాస్టరు ముఖం మాడిపోయింది.

వెనకే కూర్చున్న కవిత ఆ మాట విని లేచి నిలబడింది. "నేనే సేసినానయ్యా. పేర్ల సంగతి ప్రోగ్రాంలో పెట్టల్యా. అన్ని పేజీలూ సూసుకోల్యా."

"తెలుగులో ఏసింటే ఈ గొడవే లేకుండె," అంది పక్కనున్న లక్ష్మక్క. "మన అక్షరాలకు సిన్నా పెద్దా యాడిది?"

ఎవరూ నవ్వలేదు. నరసన్న తన తండ్రి గురించిన పేజీ మీద వేలు పెట్టి కూర్చున్నాడు. "మా నాయన పేరు అయ్యన్న. బతికినన్నాళ్లూ ఊరోళ్లు అయ్యిగా అనే పిలిసిరి. పుస్తకంలోనన్నా పెద్దగా ఉంటాదనుకుంటిమ్మా," అన్నాడు.

కవిత మరునాడు ప్రెస్సుకు పోయి అడిగింది. మళ్లీ అచ్చు వేయడం కుదరదని ప్రెస్సు ఓనరు తేల్చేశాడు. ఆ తర్వాతి ఆదివారం ఆమె నల్ల పెన్ను తీసుకుని చర్చికి వెళ్లింది. ఆరాధన అయ్యాక గుమ్మం పక్కన కూర్చుని, తెచ్చినవాళ్ల పుస్తకాల్లో ఒక్కో పేరూ దిద్దింది. సంఘంలోని అంజనమ్మ ముఖం పక్కకు తిప్పుకునే తన పుస్తకం ఇచ్చింది.

నరసన్న మాత్రం ఇవ్వలేదు.

"ఇయ్యి పెద్దనాయనా, దిద్దుతాను."

"వద్దులేమ్మా. దిద్దితే దిద్దినట్లు కనపడదా?"

కవిత ఒళ్లోని పేజీ చూసుకుంది. దిద్దిన అక్షరాలు మిగతావాటికన్నా నల్లగా, వంకరగా ఉన్నాయి. తలెత్తేసరికి నరసన్న పుస్తకం చంకన పెట్టుకుని ఎండలో నడిచిపోతున్నాడు.