ఎనిమిది వందల మీటర్లకు మూడేళ్లు

ఆ రోజు ఉదయం జనగామ కాలేజీ గ్రౌండులో రెండో రౌండు మొదలుపెట్టగానే నా ఎడమ పాదం చప్పుడు చేస్తోందని గమనించాను. ఎప్పుడూ మెత్తగా పడే పాదం, నేలను ఎవరో చెప్పుతో కొట్టినట్టు టప్ టప్ మంటోంది. షూ లేసు వదులైందేమోనని ఆగి కట్టుకున్నాను. ముడి వేస్తుంటే వేళ్ల చివర్లు కూడా తిమ్మిరిగా ఉన్నాయి. అంతకు వారం ముందు విరేచనాలు పట్టుకుని రెండు రోజులు మంచం మీదే ఉన్నాను, ఆ నీరసమే అనుకున్నాను. మిగిలిన రౌండ్లు కూడా పూర్తి చేసే ఇంటికి వెళ్లాను. అప్పటికి నాకు యాభై ఏడేళ్లు.

నా పేరు యశోద. పుట్టి పెరిగింది నర్మెట్ట దగ్గరి పల్లెలో, ఉద్యోగం జనగామలో, వ్యవసాయ శాఖ ఆఫీసులో. నలభై ఎనిమిదో ఏట బీపీ వచ్చింది. రోజూ నడవమని డాక్టరు చెబితే నడిచాను, నడక విసుగొచ్చి పరుగెత్తాను. మొదట్లో గ్రౌండులో కుర్రాళ్లు నవ్వేవారు. మా ఆయన మల్లారెడ్డికి ఎరువుల దుకాణం ఉంది. దుకాణానికొచ్చే గిరాకీలు ఏమనుకుంటారో అని ఆయన కొన్నాళ్లు మొహం మాడ్చుకున్నాడు. తర్వాత ఆయనే స్టాప్‌వాచ్ కొనుక్కొచ్చి పరుగు ముగిసే గీత దగ్గర నిలబడడం మొదలుపెట్టాడు. పెద్ద వయసు వాళ్లకు మాస్టర్స్ పోటీలుంటాయనీ, అయిదేళ్లకొక గ్రూపు చేసి పరుగెత్తిస్తారనీ తెలిసి పేరిచ్చాను. నా పోటీ ఎనిమిది వందల మీటర్లు.

ఆ పోటీల్లోనే జమునక్క పరిచయమైంది. మహబూబాబాద్ పక్కన ఒక తండా ఆమెది. రెండెకరాల్లో మిర్చి వేస్తుంది. నాకంటే రెండేళ్లు పెద్ద. వయసులో ఉన్నప్పుడు కూలి పనికి ఊళ్లు తిరిగిన మనిషి, పరుగు ఎవరూ నేర్పలేదు. అయినా ఇద్దరం ఒకే గ్రూపులో పరుగెత్తిన ప్రతిసారీ ఆమె ముందు, నేను వెనక. ఆరేళ్లలో ఒక్కసారి కూడా నేను ఆమెను దాటలేదు. పోటీ అయ్యాక ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆమె తెచ్చిన జొన్నరొట్టె తినేవాళ్లం.

పాదం చప్పుడైన మర్నాడు ఆఫీసు మెట్లు ఎక్కలేకపోయాను. రెయిలింగు పట్టుకుని ఒక్కో కాలూ లాక్కుంటూ పైకి చేరాను. ఊళ్లో డాక్టరు రక్తపరీక్ష రాశారు. పొటాషియం నార్మల్, షుగర్ నార్మల్. బీ-పన్నెండు తక్కువుందేమోనని ఇంజక్షన్ ఇచ్చారు. మూడో రోజు పొద్దున దేవుడి గూటి ముందు కింద కూర్చున్నదాన్ని మళ్లీ లేవలేకపోయాను. రెండు చేతులూ నేలకు ఆనించి ఎంత బలం పెట్టినా కాళ్లు మాట వినలేదు. మా ఆయన చంకల కింద చేతులు వేసి లేపాడు.

ఆ పూటే హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానకు పోయాం. న్యూరాలజిస్టు మధ్య వయసు మనిషి, మాట నిదానం. చిన్న సుత్తితో నా మోకాళ్ల కింద కొట్టారు. కాలు కదల్లేదు. చీలమండ దగ్గర కొట్టారు. ఏమీ లేదు. సుత్తి పక్కన పెట్టి, వారం పది రోజుల కింద జ్వరం గానీ విరేచనాలు గానీ వచ్చాయా అని అడిగారు. వచ్చాయన్నాను.

"రిఫ్లెక్సెస్ లేవమ్మా. నా అనుమానం జీబీఎస్. గిలాన్ బారీ సిండ్రోమ్ అంటాం. ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన మీ ఇమ్యూనిటీ పొరపాటున మీ నరాల మీదే పడింది. కింది నుంచి పైకి పాకుతుంది. కాళ్ల గురించి కాదు, ఇప్పుడు నా భయం మీ ఊపిరి గురించి."

నర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. కాళ్లకు, చేతులకు చిన్న చిన్న కరెంటు షాకులు. తర్వాత లంబార్ పంక్చర్, నడుములోంచి నీరు తీశారు. అనుమానం నిజమైంది. ఐవీఐజీ మొదలుపెట్టారు, దాతల రక్తం నుంచి తీసే యాంటీబాడీల మందు. అయిదు రోజులు, చేతి నరంలోకి చుక్క చుక్కగా.

జబ్బు మొత్తంలో నాకు బాగా గుర్తున్నది లెక్క. నిండా గాలి పీల్చి, ఒక్క ఊపిరిలో ఎంత వరకు అంకెలు చెప్పగలనో చెప్పమనేవారు. చేరిన సాయంత్రం ముప్పై రెండు చెప్పాను. పరుగెత్తే మనిషిని కదా అని లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా. మర్నాడు పొద్దున పంతొమ్మిది దగ్గర ఊపిరి అయిపోయింది. మధ్యాహ్నానికి పన్నెండు. నన్ను ఐసీయూలోకి మార్చారు. వెంటిలేటర్ పెట్టాల్సి రావొచ్చని మా ఆయన చేత సంతకం తీసుకున్నారు. అప్పటికి చేతులు కూడా లేవడం లేదు. మింగుతుంటే నీళ్లు పొలమారుతున్నాయి.

లోపలికి రానిచ్చిన అయిదు నిమిషాల్లో మా ఆయన నా మంచం పక్కన నిలబడ్డాడు. ఏడుస్తాడనుకున్నాను. గ్రౌండులో గీత దగ్గర నిలబడి చెప్పినట్టే చెప్పాడు.

"యశోదా, రేపటి సంగతి ఇడిసిపెట్టు. గిప్పుడు పన్నెండు అన్నవు. మల్ల అడిగినప్పుడు పదమూడు అను. గంతే."

మళ్లీ అడిగినప్పుడు పదకొండే అన్నాను. ఆ తర్వాతా పదకొండే. మర్నాడు పొద్దున పదమూడు. వెంటిలేటర్ తప్పింది. ఇరవై దాటిన రోజు డ్యూటీ నర్సు నా భుజం తట్టి వెళ్లింది. ఎన్ని పతకాలు వచ్చినా అంత సంతోషం కలగలేదు నాకు.

ఇరవై ఆరు రోజుల తర్వాత వీల్‌చైరులో ఇంటికి వచ్చాను. ప్రాణం దక్కింది గానీ ఒళ్లు నాది కాదు. పక్కకు తిరగాలన్నా ఎవరో తిప్పాలి. మా ఆయనే స్నానం చేయించాడు, జడ అల్లడం నేర్చుకున్నాడు. చుట్టాలు వచ్చి, గా పరుగుల వల్లనే గిట్లయింది అని నా ఎదురుగానే అన్నారు. పరుగుకూ దీనికీ సంబంధం లేదని డాక్టరు స్పష్టంగా చెప్పినా, ఆ మాట మనసులో పడ్డ చోటే ఉండిపోయింది. పరుగు బూట్లు ఎవరికైనా ఇచ్చెయ్యమని ఒక రోజు నేనే అన్నాను.

ఆ వారంలోనే జమునక్క వచ్చింది. మహబూబాబాద్ నుంచి రైలెక్కి, ఒక సంచిలో పచ్చిమిరపకాయలు, టమాటాలు పట్టుకుని. మంచం పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు నా కాళ్ల వంకే చూసింది. జాలి మాటలేవీ మాట్లాడలేదు. నేనే, ఇక అయిపోయింది అక్కా అన్నాను.

"అయిపోయిందో లేదో డాక్టరు చెప్పాలె, నువ్వు చెప్తవేంది?" అంది. నా దుప్పటి సర్ది, "చెల్లె, నా ఎనుక నీ ఊపిరి చప్పుడు ఇనవడితెనే నేను ఉరుకుత. నువ్వు లేకుంటే నాకు ఉరుకబుద్ధి కాదు. జర లేవరాదు," అంది.

అప్పటిదాకా ఆమె తనంతట తనే అంత వేగంగా పరుగెత్తేదనుకున్నాను. నా చప్పుడు ఆమెకు వినబడుతుందని నాకు తెలియదు.

ఫిజియోథెరపిస్టు వెంకన్న సార్ రోజూ ఇంటికి వచ్చేవారు. మొదటి నెలంతా చేసింది ఒక్కటే, పడుకుని మోకాలు చాపడం, మడవడం. పదిసార్లు చెయ్యమంటే నాలుగుకే చెమటలు పట్టేవి. తర్వాత మంచం అంచున కూర్చోవడం, వాకర్ పట్టుకుని నిలబడడం, గుమ్మం దాకా నడవడం. ఎడమ పాదం వేలాడుతుండేది. ఫుట్ డ్రాప్ అన్నారు, ప్లాస్టిక్ స్ప్లింట్ వేశారు. ఆయనది ఒకటే నియమం. అలసట వచ్చాక ఆపడం కాదు, రాకముందే ఆపాలి. ఎన్నో ఏళ్లుగా అలసట వచ్చాకే అసలు పరుగు మొదలవుతుందని నమ్మిన నాకు అది తలకెక్కలేదు.

ఏడో నెలలో తప్పు చేశాను. ఆ రోజు ఒళ్లు తేలిగ్గా ఉంది. వెంకన్న సార్ వెళ్లిపోయాక, మా ఆయన దుకాణంలో ఉండగా, మేడ మెట్లు ఎక్కడం దిగడం మొదలుపెట్టాను. మూడు సార్లు చాలన్నది పన్నెండు సార్లు చేశాను. గొప్పగా అనిపించింది. మర్నాడు అన్నం గిన్నె ఎత్తలేకపోయాను. ఆ మర్నాడు స్నానాల గదిలో మోకాలు మడతపడి పడిపోయాను. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. వాకర్ పట్టుకునే చెయ్యే లేకపోవడంతో మళ్లీ వీల్‌చైరు.

హనుమకొండ వెళ్లాం, జీబీఎస్ తిరగబెట్టిందేమోనని. పరీక్షించి డాక్టరు అదేం కాదన్నారు. తర్వాత నా పాదం చేతిలోకి తీసుకుని, మోకాలి నుంచి బొటనవేలి దాకా వేలితో గీత గీశారు.

"నరం రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుందమ్మా. ఇక్కడి నుంచి ఇక్కడికి రావాలి. మీరు రెట్టింపు కష్టపడితే అది రెండు మిల్లీమీటర్లు పెరగదు. మీరు చెయ్యాల్సింది ఒకటే. అది వచ్చేసరికి కండరం సిద్ధంగా ఉండాలి."

ఇంటికి వచ్చి స్కేలు తెప్పించుకుని కాలు కొలిచాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ రాత్రి బాగా ఏడ్చాను. మర్నాటి నుంచి మాత్రం వెంకన్న సార్ ఎన్నంటే అన్నే. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. పండగలకు ఆపలేదు, చుట్టాలొచ్చారని ఆపలేదు. తొమ్మిదో నెల చివర్లో కర్ర పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. పదమూడో నెలలో స్ప్లింట్ తీసేశారు. పధ్నాలుగో నెలలో కాలేజీ గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు నడిచాను. మా ఆయన స్టాప్‌వాచ్ తెచ్చాడు గానీ నొక్కడం మరిచిపోయాడు.

పరుగు మొదట యాభై అడుగులు, తర్వాత నడక. మళ్లీ యాభై. కొన్ని నెలలు అంతే. రెండేళ్లు దాటాక మహబూబాబాద్‌లో పోటీలుంటే పేరిచ్చాను. డాక్టరు సరేనన్నారు, గెలవాలని మాత్రం వెళ్లొద్దన్నారు. గెలిచే ప్రమాదమేమీ లేకపోయింది. నాకంటే ముందున్న మనిషి పూర్తి చేసి నీళ్లు తాగుతుండగా నేనింకా చివరి మలుపులో ఉన్నాను. గీత దగ్గర కట్టిన తాడు కూడా విప్పేస్తున్నారు. అప్పటికే అరవై దాటి పై గ్రూపుకు మారిన జమునక్క గీత దగ్గరికి వచ్చి, వాళ్లను ఆపి తాడు అలాగే ఉంచింది. చిట్టచివరన వచ్చాను. కూర్చుని షూ విప్పుకుంటుంటే ఆమె అన్న మాట ఒక్కటే.

"వచ్చే ఏడు నువ్వు నా గ్రూపుల కలుస్తవు. గప్పుడు సూస్త."

ఆ ఏడాది వారానికి అయిదు రోజులు గ్రౌండులో ఉన్నాను. వెంకన్న సార్ రాసిచ్చిన కాగితం ప్రకారమే. మూడు రోజులు పరుగు, రెండు రోజులు నడక, కాళ్లకు బలమిచ్చే కసరత్తు. రెండు రోజులు పూర్తి విశ్రాంతి. విశ్రాంతి రోజున గ్రౌండు వైపు పోవాలనిపించేది, పోలేదు. అదే అన్నిటికంటే కష్టమైన సాధన.

నాకు అరవై నిండాక పోటీలు భూపాలపల్లిలో జరిగాయి. సున్నంతో గీసిన మట్టి ట్రాకు, అవతల రోడ్డు మీద బొగ్గు లారీల మోత. మా గ్రూపులో ఏడుగురం. మొదటి రౌండులో నేను నాలుగో స్థానంలో ఉన్నాను. ఎడమ పాదం మాట వింటోందా లేదా అని దాని మీదే ధ్యాస. రెండో రౌండు సగంలో ఇద్దరిని దాటాను. ముందు జమునక్క ఒక్కతే మిగిలింది, ఎప్పటిలాగే వట్టి కాళ్లతో, చీర నడుముకు బిగించి. చివరి మలుపులో ఆమె ఊపిరి చప్పుడు నాకు వినబడింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అంత దగ్గరగా వినలేదు. అలసట వచ్చింది. ఈసారి ఆపక్కర్లేదని నాకు తెలుసు. పక్కకు వచ్చాను. ఇరవై అడుగులు ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. గీత నేను ముందు దాటాను.

మా ఆయన గ్రౌండు మధ్యలోకి పరుగెత్తుకొచ్చేశాడు. ఎవరెవరో వచ్చి చేతులు పట్టుకున్నారు. మెడలో పతకం వేశారు. కానీ నాకు ఒక అనుమానం పట్టుకుంది. రోగం నుంచి లేచిన మనిషినని జమునక్క జాలిపడి వదిలిందా? అలాగైతే ఆ పతకం నాకొద్దు.

ఆమె కోసం వెతికాను. ఒక మూలన కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. రొట్టె మూట విప్పింది, నాకు పెట్టలేదు. ఒక్కతే తినడం మొదలుపెట్టింది. పక్కన కూర్చున్నాను. కావాలని వదిలావా అక్కా అని మెల్లగా అడిగాను.

ఆమె నమలడం ఆపి నా వైపు చూసింది. కళ్లల్లో నిజంగానే కోపముంది.

"ఇడుసుడా? నా పాణం పోయేటట్టు ఉరికిన. ఆ ముచ్చట మల్ల తియ్యకు."

అంత తియ్యటి తిట్టు నేను జన్మలో తినలేదు. బస్టాండు దాకా ఆమె నాతో మాట్లాడలేదు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

వచ్చే ఏడాది నాకు రిటైర్మెంటు. ఎడమ బొటనవేలిలో తిమ్మిరి ఇంకా ఉంది, అది ఉండిపోవచ్చని డాక్టరు చెప్పారు. చలికాలంలో కాళ్లు వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆర్నెల్లకోసారి చెకప్‌కు వెళ్తున్నాను. జమునక్క ఈ మధ్య తన మిర్చి చేను గట్టు మీద ఎత్తు వైపు పరుగు పెడుతోందని, నన్ను ఓడించేదాకా ఊరుకోనంటోందని ఆమె కోడలు ఫోన్లో చెప్పింది. ఆ కబురు విన్న రోజు మాత్రం కాగితంలో ఉన్నదానికంటే ఒక రౌండు ఎక్కువ పరుగెత్తాలని కాళ్లు లాగాయి. పరుగెత్తలేదు.

జబ్బు నుంచి లేస్తున్న వాళ్లకు, పెద్ద వయసులో సాధన మొదలుపెట్టిన వాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఒంట్లో బాగాలేని రోజు ఏం చెయ్యాలో మీ డాక్టరు చెబుతారు, మీ ఒళ్లే చెబుతుంది. జాగ్రత్తగా ఉండాల్సింది ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజున. ఆ రోజు కూడా రాసుకున్నంతే చేసి ఇంటికి వెళ్లిపోండి. మిగిలిన బలం ఎక్కడికీ పోదు, రేపు పొద్దున మిమ్మల్ని మళ్లీ గ్రౌండుకు తీసుకొచ్చేది అదే.