అత్తయ్య ఎదురుచూపు పాట

మా అత్తయ్య పోయి నెల కూడా కాలేదు. ఆవిడ పోయిన రోజు ఉదయం మామయ్య ఫోన్ చేసి, "మీ అత్తయ్య వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. ఆ వెంటనే, "ఆ ఎదురుచూసే పాట ఏదో నీకేమైనా తెలుసా?" అని అడిగాడు.

విషయమేమిటంటే, తన పెద్దకర్మ రోజున ఎవరూ మొహాలు వేలాడేసుకుని కూర్చోకూడదని, తనకిష్టమైన ఎదురుచూపు పాట పెట్టించాలని అత్తయ్య ఆసుపత్రిలో ఆయన దగ్గర మాట తీసుకుంది. మహానుభావుడు సరేనన్నాడు గానీ, ఏ పాటో అడగలేదు. నోరు తెరిస్తే ఆవిడ ముందే ఏడ్చేస్తానేమోనని భయపడ్డాడట.

అసలు అత్తయ్యకి వచ్చిన పాటల్లో సగం ఎదురుచూపువే. కృష్ణుడి కోసం ఒకటి, రాముడి కోసం ఒకటి, సినిమా హీరోల కోసం బోలెడు. పేర్లన్నీ ఒకే తీరు: నీకోసం వేచానని, నీకై నిలిచానని, నీ దారే చూశానని. పోపు వేసేటప్పుడు కృష్ణుడితో మొదలుపెట్టేది, పప్పు ఉడికేసరికి హీరోయిన్ అయిపోయేది. గవర్నర్‌పేట కొట్టు నుంచి మామయ్య భోజనానికి వచ్చేదాకా ఆ కచేరీ సాగేది. ఆయన గుమ్మంలో కనపడగానే పాట ఆపి, ఇంత ఆలస్యమేంటని దులిపేసేది.

ఓసారి శనివారం భజనలోనూ అంతే. పల్లవి స్వామివారిదే, చరణానికి వచ్చేసరికి సినిమాలోకి దాటేసింది. వెనకున్న ఆడవాళ్ళు తాళాలు వాయిస్తూ పాపం తామూ దాటేశారు. హారతి అయ్యాక పూజారిగారు, ఈ కీర్తనలో వెన్నెలా పూలపాన్పూ కాస్త ఎక్కువయ్యాయేమోనని మెల్లగా అన్నారు. అత్తయ్య తడుముకోకుండా, "స్వామివారు మాత్రం ఎండలో కూర్చుంటారా అండీ?" అంది. ఆయన తీర్థం పోసి ఊరుకున్నారు.

భక్తికీ ప్రేమకీ తేడా లేదా అని నేను వెక్కిరిస్తే, "ఎదురుచూడ్డం ఎవరి కోసమైనా ఒకటేనే. దేవుడు ఎప్పటికైనా వస్తాడు, మన సిటీ బస్సునే నమ్మలేం" అనేది. ఆ మనిషితో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంటావంటా లేరు.

పెద్దకర్మ ముందురోజు ఇంట్లో పెద్ద పంచాయితీ. అత్తయ్య కూతురు కృష్ణుడి పాటేనంది. భజన ఆడవాళ్ళు రాముడి పాటన్నారు. పక్కింటి పిన్నిగారు ససేమిరా ఒప్పుకోలేదు. అది సినిమా పాటేనని, ఆ సినిమాకి ఇద్దరూ కలిసి ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కే లేదని ఒట్టేసింది. తలా ఒక మాట. మామయ్య ఒక్కొక్కరి మొహమే చూస్తూ కూర్చున్నాడు. ఆఖరికి నా చెయ్యి పట్టుకుని, "మీ అత్తయ్య నోరు తెరిచి అడిగిన ఒక్క కోరికా తప్పు చేసేస్తానేమోనమ్మా" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అన్నీ పెట్టించెయ్ మామయ్యా, అందులో ఏదో ఒకటి అదే అయి ఉంటుంది అన్నాను.

మర్నాడు స్పీకర్లో అన్నీ వరసగా మోగాయి. రాముడి పాటకి చేతులు జోడించిన ఒక పెద్దాయన, సినిమా పాట సగం అయ్యేదాకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. బంతిలో కూర్చున్నవాళ్ళకి నవ్వాగలేదు. పెద్దకర్మ భోజనాల్లో అంత నవ్వు నేనెక్కడా చూడలేదు.

విస్తరి వేసి మామయ్యని పిలిచారు. రాలేదు. మళ్ళీ పిలిస్తే, "ఉండండి, ఇదేనేమో" అన్నాడు. ఆ పాట అయిపోయింది. అదే తీరున ఇంకోటి మొదలైంది. మామయ్య స్పీకర్ పక్కనే, చెవి ఒగ్గి నిలబడే ఉన్నాడు.