నెయ్యితో మింగే విటమిన్

కెనడాలోని మిస్సిసాగాలో నేను బేస్‌మెంట్‌లో అద్దెకున్న ఇంటి ఓనరు అంకుల్ రిటైరైన ఇంజనీరు. యాభై దాటాక ఆయనకు ఒళ్లు వచ్చింది, దాని వెనకే ఆస్తమా వచ్చింది. మెట్లెక్కలేక మంచం హాల్లోకి దింపించుకున్నారు. మళ్లీ పైన తన గదిలో పడుకోవాలన్నదే ఆయన పట్టుదల.

అందుకని వంటింటి గట్టు మీద సప్లిమెంట్ల సీసాలు బారులు తీర్చారు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, లేబుల్ మొత్తం చదివాకే మాత్ర మింగడం ఆయన అలవాటు. విటమిన్ డి కొవ్వులో కరుగుతుందని ఎక్కడో చదివారట. దాన్ని మాత్రం గరిటెడు నెయ్యి పోసిన ముద్దపప్పన్నంతో మింగేవారు.

"అంకుల్, విటమిన్ కరుగుతోందేమో గానీ మీరు కరగట్లేదు," అన్నాను.

"టెన్త్ తప్పినోడివి... నీకేం... తెలుసురా," అన్నారు, మాట మాటకీ ఊపిరి వెతుక్కుంటూ.

డాక్టరమ్మ కూడా నా మాటే అంది. కాకపోతే ఆమెకు డిగ్రీ ఉంది. రక్తపరీక్షలో తక్కువగా ఉన్న డి ఒక్కటే ఉంచి, మిగతా సీసాలు మాన్పించింది. ఇన్‌హేలర్ మానకుండా రోజూ పీల్చమంది. నెయ్యి గిన్నె దాచెయ్యమని ఆంటీకి చెప్పింది. చలికాలమంతా అంకుల్ మాల్‌లో నడిచారు.

మంచు కరిగాక ఒక ఉదయం ఆయన ఎక్కడా ఆగకుండా పైదాకా ఎక్కేశారు. రెయిలింగ్ పట్టుకుని కిందికి చూశారు.

"గుడ్లప్పగించి చూస్తావేంట్రా వెధవా, ఆ మంచం మీ తాతొచ్చి మోస్తాడా, ఆంటీని పిలిచి చెరోపక్కా పట్టుకుని పైకి తీసుకురండి."

అంత పొడుగు తిట్టు ఆయన ఒక్క ఊపిరిలో తిట్టడం అదే మొదలు. ఆంటీ, నేనూ నవ్వుకుంటూ మంచం ఎత్తాం.