ఏడో ప్లాటులో లేని గడ్డి

ఆఫీసులో అందరూ ఆమెను చట్రం అక్క అంటారు. నిలువూ అడ్డం మీటరు చొప్పున ఉండే పైపుల చట్రాన్ని నేల మీద పరిచి, అందులో మొలిచిన ప్రతి మొక్కనూ లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. పందొమ్మిదేళ్ళుగా అదే పని. చుట్టూ కొండల మీద కురిసిన వానంతా ఒకే వాగులోకి దిగే ఆ వాటర్‌షెడ్‌లో ఎక్కడ ఏ మొక్క పెరిగిందో, ఏ జంతువు తిరిగిందో ఏటా రాసిపెట్టే సర్వే అది. ప్రకృతిమాత లాంటి మాటలు ఆమె నోట ఎవరూ వినలేదు. ఆ మాటలు వాడేవాళ్ళెవరూ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చోగా ఆమె చూడనూ లేదు.

లెక్క కోసం హద్దులు పెట్టిన పన్నెండు ప్లాట్లలోనూ వాగు పుట్టేచోట ఉన్న ఏడోదంటే ఆమెకు ప్రాణం. అందులో ముప్పై ఒక్క రకాల మొక్కలు. నిద్రలో లేపి అడిగినా వరసగా చెబుతుంది. టైలరు పని చేసే భర్త "నా పుట్టినరోజెప్పుడో చెప్పు చూద్దాం" అంటే మాత్రం నీళ్ళు నములుతుంది.

ఈ ఏడాది కొత్త ఆఫీసరు వచ్చాడు. మూడేళ్ళపాటు ఒక్క జంతువూ నమోదుకాని ప్లాటును మూసెయ్యాలనే నిబంధనను ఎక్కడినుంచో తవ్వి తీశాడు. జాబితా మీద జారుతున్న అతని వేలు ఏడో ప్లాటు దగ్గర ఆగింది.

"అక్కడ ముళ్ళపంది తిరుగుతోంది సార్. దుంపల కోసం తవ్విన గుంటలు చూశాను, పళ్ళగాట్లు చూశాను."

"చూశానంటే కుదరదమ్మా. ఫోటో కావాలి. నెలాఖరులోగా."

ఎదుట ఏది కదిలినా దానంతటదే ఫోటో తీసే కెమెరా ఒకటి ఇచ్చాడు. దాన్ని బిగించేముందు ఎదురుగా ఉన్న గడ్డి కోసెయ్యాలి. లేకపోతే గాలికి ఊగే పోచలనే తీస్తూ కూర్చుంటుంది. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. కానీ లెక్కపెట్టే ప్లాటులో కొడవలి పడితే ఆ ఏటి లెక్క గంగలో కలిసినట్టే.

"ఒక్క గుప్పెడు కోసెయ్ అక్కా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు జీపు డ్రైవరు.

"రేపు లెక్కపెట్టేది నేనే కదరా. నాకు తెలియదూ?"

కొయ్యలేదు. నెలాఖరున కెమెరాలో నాలుగువేల ఆరువందల ఫోటోలు తేలాయి. అన్నీ గడ్డే. ఆఫీసరు వాటిని ఎడాపెడా తిప్పేశాడు.

"ఇది సర్వేనా, గడ్డి పెళ్ళి ఆల్బమా? సాయంత్రం మూసివేత కాగితం మీద సంతకం పెట్టేస్తున్నానమ్మా."

"సాయంత్రం దాకా టైముందిగా సార్" అని ఆమె కంప్యూటరు ముందు బైఠాయించింది. ఒక్కొక్కటే చూస్తోంది. భోజనం డబ్బా మూత తియ్యలేదు. డ్రైవరు తెచ్చిన టీ మీద మీగడ కట్టింది. మూడు గంటలప్పుడు ఆమె కుర్చీ ఒక్కసారి కిర్రుమంది.

"సార్, ఈ గడ్డి మన దగ్గర లేదు."

ఆఫీసరు వంగి చూశాడు. పొద్దువాలే వెలుతురులో ఎండుపుల్లల గుత్తి. "ఎండుగడ్డేగా. ఇందాకే చూశాను."

"ఎండినా పండినా ఏడో ప్లాటులో తెలుపూ నలుపూ చారల గడ్డి మొలవదు సార్. పైగా గడ్డంతా గాలికి కుడివైపు వాలింది. ఇదొక్కటే ఎడమకి నడుస్తోంది."

తరవాతి ఫోటోలో ఆ పుల్లల ముందు ఒక మొద్దు మూతి కనిపించింది. ఆ తరవాతి దానిలో నిండుగా ముళ్ళపంది. దాని వెనక, బడికి ఆలస్యమైనట్టు తొందరపడుతూ, రెండు పిల్లలు.

డ్రైవరు ఈల వేశాడు. "ఒకటడిగితే మూడిచ్చావు కదక్కా!"

ఆఫీసరు చెవులదాకా ఎర్రబడ్డాడు, ఆనక పగలబడి నవ్వాడు. "గడ్డి అనుకుని దాటేశానమ్మా!"

"పోన్లెండి సార్, దానిక్కావలసిందీ అదే" అంది ఆమె.

కాగితం నాలుగు ముక్కలై బుట్టలో పడింది. జంతువుల గడిలో ఆమె 'ముళ్ళపంది: పెద్దది ఒకటి, పిల్లలు రెండు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. అంతలోనే ఫోటో మీదికి మళ్ళీ వంగి, నుదురు చిట్లించింది.

"ఏమైందమ్మా?"

"ఆ చిన్నది నములుతున్నది ఇరవై రెండో రకం మొక్క సార్. ప్లాటు మొత్తానికి ఐదే ఉన్నాయి. పొద్దున్నే వెళ్ళి ఎన్ని మిగిల్చాయో చూసుకోవాలి. ఒరేయ్, ఆరింటికల్లా జీపు తియ్!"

"నేనూ వస్తాను" అన్నాడు ఆఫీసరు.

"రండి సార్. అడుగు మాత్రం నేను చెప్పినచోటే వెయ్యాలి."